వాళ్లమ్మ మొఖంతో ఒక బొమ్మ

తొంభైల చివర్లో, సూర్యాపేట బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి హైదరాబాదులో కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీస్తుందట. రెండు కాగితాలు చూపించింది. మొదటిదాంట్లో చీర ఎగ్గట్టి, కొడవలి పట్టిన నల్లటి మనిషి.

"మా అమ్మను సూసి గీసిన. ఆటల కొట్లాడేది గీమెనే," అంది.

రెండోదాంట్లో ఆ మనిషే తెల్లబడింది. ఒంటిమీద రెండు గుడ్డపీలికలే ఉన్నాయి.

"ఆడే పోరగాళ్లు గిట్ల కావాలన్నరు. మా సారు నాతోనే మార్పిచ్చిండు. మొఖం మాత్రం గదే ఉంచమన్నడు. ఇప్పుడు దుకాణాలల్ల అమ్మేది గిదే."



వాళ్ల ఊరు కేతేపల్లిలో వాళ్లమ్మ బస్సుకు ఎదురొచ్చింది. "నా బొమ్మ తెచ్చినవా బిడ్డా?"

ఆ అమ్మాయి దిగి, మొదటి కాగితం ఆమె చేతిలో పెట్టింది. దిగేముందు నలిపి పడేసిన రెండోది నా కాళ్ల దగ్గరే ఉంది. దాన్ని ముట్టుకోవాలన్నా రోత పుట్టింది. ఆ తల్లి మొఖాన్ని అలా వదిలేసి సూర్యాపేటలో దిగడానికీ మనసొప్పలేదు.