కొవ్వూరు వంతెన దాటొచ్చిన గ్లూకోజ్ బాటిల్

2023 వేసవి. రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి నాకది రెండో ఏడు. మగ నర్సుల్ని అక్కడ అందరూ ‘బ్రదర్’ అంటారు. పేషెంటు తాలూకు వాళ్ల కంగారులో సగం నా జోకులతో తగ్గిస్తానని నా నమ్మకం. ఆ తగ్గిన సగాన్నీ మళ్లీ పెంచుతానని మా హెడ్ నర్సు నమ్మకం.

ఓ ఉదయం తొమ్మిదింటికి వాకిట్లో ఆటో ఆగింది. వెనక సీట్లో ఇరవై ఆరేళ్ల కుర్రాడు అడ్డంగా పడి ఉన్నాడు. పేరు ప్రభుదాసు, నిడదవోలు దగ్గర ఊరు, ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. పక్కన వాళ్లమ్మ మరియమ్మగారు, పొలం పనులకు వెళ్లే మనిషి, గ్లూకోజ్ బాటిల్‌ని ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు పెట్టి పంపాడట. కొవ్వూరు వంతెన దాటి ఇక్కడికి వచ్చేదాకా ఆవిడ ఆ చెయ్యి దించలేదు.

“పొద్దున్నే లేవబోతే కాళ్లు రాలేదు బాబూ. దార్లో చేతులూ పడిపోయాయి. రాత్రి పెళ్లిలో నిక్షేపంగా తిన్నాడు.”

“ఏం తిన్నారేంటి మాస్టారూ?”

“బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నానండి. కాజాలు లెక్కపెట్టలేదు.”

“లెక్కల మాస్టారై ఉండీ?”

నవ్వాడు. ఒంట్లో ఆ ముఖం ఒక్కటే అతని మాట వింటోంది.

మరియమ్మగారి చేతిలోంచి బాటిల్ అందుకుని స్టాండుకు తగిలించాను. “ఇక దించండమ్మా, స్టాండుకి నెప్పులు రావు” అన్నాను. నీరసంగా ఉన్నాడు కదా అని గొట్టం మీది చక్రం తిప్పి చుక్కల వేగం కూడా పెంచాను. మన వైపు నీరసానికి గ్లూకోజ్ ఎక్కించడం వైద్యం కన్నా ఆచారం. ఆచారాన్ని ఎవరూ లేబుల్ చదివి పాటించరు.

రక్తం తీసి పంపాను. ఈసీజీ తీగలు అంటిస్తుంటే ప్రభుదాసు సన్నగా అన్నాడు: “బ్రదర్, ఆటోలో తల ఎత్తగలిగాను. ఇప్పుడు రావట్లేదు.”

డ్యూటీ డాక్టరు మేడంని కేకేశాను.

“నేను పోతానా బ్రదర్?”

“అడ్మిషన్ ఫారం నింపకుండా ఇక్కణ్ణుంచి ఎవర్నీ పోనివ్వం” అన్నాను.

డ్యూటీ డాక్టరు మేడం ఈసీజీ కాగితం పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గీత చివర ఉండకూడని చిన్న గుట్ట ఒకటి ఉంది. దాన్ని యు వేవ్ అంటారు. అంతలోనే రక్తం రిపోర్టు వచ్చింది. మూడున్నరకు తగ్గకూడని పొటాషియం ఒకటి పాయింటు తొమ్మిదే ఉంది.

ఆ అంకె ఎందుకు భయపెడుతుందో చెప్పాలి. నరమైనా కండరమైనా కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. కబురు రాగానే కణం గోడలో గేట్లు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. కరెంటు పుట్టేది అప్పుడే. వెంటనే ఆ గేట్లు మూసుకుని, పొటాషియం కొంత బయటికి పోతే కణం సర్దుకుని తర్వాతి కబురుకు సిద్ధమవుతుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ సేపట్లో. ప్రభుదాసు రక్తంలోని పొటాషియం కండరాల్లోకి వెళ్లి దాక్కుంది. దాంతో కండరం సర్దుకోలేక, సోడియం గేట్లు మూసుకున్నవి మూసుకున్నట్టే ఉండిపోయాయి. నరం కబురు తెస్తూనే ఉంది, అందుకునే నాథుడు లేడు. గుండె కూడా కండరమే. మాకు భయం అక్కడ.

మేడం తలెత్తి చూశారు. “ఆ బాటిల్లో ఏముంది?”

“డెక్స్‌ట్రోస్ మేడం. గ్లూకోజు.”

“తీపి ఎక్కితే ఇన్సులిన్ ఊరుతుంది. ఉన్న పొటాషియం కూడా లోపలికి పోతుంది. రాత్రి పెళ్లి భోజనం చేసిన పని కూడా ఇదే. ఇంత వేగంగా ఎవరు పెట్టారు?”



“నేనే మేడం.”

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను గొట్టం మూయబోతే మరియమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. “తియ్యకు బాబూ! దాని మీదే బతికున్నాడు.”

“దాని మీదే పోతున్నాడండి” అని చెప్పడానికి నోరు రాలేదు. మెల్లగా ఆవిడ వేళ్లు విడిపించి గొట్టం మూశాను. సరిగ్గా అప్పుడే మానిటర్ మీద గుండె లయ తప్పినట్టు వెడల్పాటి గీతలు నాలుగు వరసగా తోసుకొచ్చాయి. అలారం మోగింది. మేడం షాక్ యంత్రం మీద చెయ్యి వేశారు. ఐదో గీత మామూలుగా వచ్చింది. మేడం యంత్రం మీంచి చెయ్యి తీశారు.

తర్వాత పొటాషియం పెట్టాం. తక్కువైతే గుండెను ఆపగలదు, గబగబా ఎక్కించినా ఆపగలదు. అందుకే ఇన్‌ఫ్యూజన్ పంపు అనే యంత్రంతో కొలిచి ఎక్కిస్తారు. మేడం వేగం చెప్పి, నా చేత రెండుసార్లు పైకి చదివించారు. మంచం పక్కనే స్టూలు వేసుకుని మానిటర్ చూస్తూ కూర్చున్నాను. ఆ మూడు గంటల్లో నేను ఒక్క జోకూ వెయ్యలేదని హెడ్ నర్సు వచ్చి నాక్కూడా బీపీ చూశారు.

పన్నెండు దాటాక ప్రభుదాసు కుడిచేతి బొటనవేలు కదిలింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. జబ్బు పేరు హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్ అనీ, అంటే పొటాషియం పడిపోయినప్పుడల్లా కండరాలు చచ్చుబడటమనీ, మళ్లీ రావచ్చనీ, ఎందుకొచ్చిందో థైరాయిడ్‌తో సహా పరీక్షలు చేయాలనీ మేడం చెప్పారు. “జబ్బు కన్నా పేరే పెద్దదిగా ఉందండి” అన్నాడు. ఆ జోకు నేను వెయ్యనందుకు బాధ కలగలేదు.

డ్యూటీ దిగి వెళ్లే ముందు మరియమ్మగారి దగ్గరికి వెళ్లాను. “ఆ బాటిల్ వేగం పెంచింది నేనేనండి. చదవకుండా పెంచాను.”

ఆవిడ భుజం నొక్కుకుంటూ నా వైపు చూశారు. “నేను మోసుకొచ్చాను, నువ్వు తిప్పావు. ఇద్దరం కలిసి పిల్లాణ్ణి చంపబోయాం” అన్నారు. తిట్టు కాదు, ఓదార్పూ కాదు, ఉన్నమాట. తర్వాత ఆవిడే, “ఇద్దరం ఇష్టంగానే చేశాం. అదే భయం” అన్నారు.

నేను నేర్చుకున్నది కూడా అదే. అశ్రద్ధగా చేసే పనికి హెడ్ నర్సు కాపలా ఉంటారు. ప్రేమగా చేసే పనికి ఎవరూ ఉండరు. ఇప్పుడు ఎవరు బాటిల్ అందించినా ముందు లేబుల్ చదువుతాను, ఎందుకు పెట్టారో అడుగుతాను. ఆ కాసేపు పట్టుకున్న వాళ్ల చెయ్యి నొప్పెడుతుంది. నొప్పెట్టనిస్తాను.