ఏడో జాయింటు

జాయింటర్ బంగార్రాజుకి రెండు గర్వాలు. ఒకటి మీసం, రెండోది వేళ్ళు. మీసం ఎలాగూ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. వేళ్ళ సంగతి మాత్రం చెప్పి తీరాలి. చోడవరంలో టెలిఫోన్ కేబుల్ ఎక్కడ తెగినా ఇరవై ఎనిమిదేళ్ళుగా గోతిలో దిగి రాగి తీగలు అతికిన వేళ్ళవి. నాలుగు వందల తీగల్లో ఏది కరణం గారింటికి పోతుందో, ఏది కిళ్ళీకొట్టుకి పోతుందో రంగు చూసి చెప్పేసేవాడు. ఎవరైనా "లైన్‌మన్" అని పిలిస్తే ఆయనకి చెవుడొచ్చేది. "జాయింటర్ గారూ" అంటే మళ్ళీ పోయేది.

తర్వాత గాజు తీగ వచ్చింది. అనకాపల్లి నుంచి చోడవరం దాకా రోడ్డు వెంట ఫైబర్ కేబుల్ పాతారు. అందులో పోను ఒకటి, రాను ఒకటి, రెండు తీగలు. ఒక్కోటీ వెంట్రుకంత ఉంటుంది, కరెంటుకి బదులు వెలుతురు పోతుంది. రెండు కొసలు ఎదురెదురుగా పెట్టి మిషన్లో నిప్పు రవ్వతో కరిగించి అతకాలి. బంగార్రాజు వైజాగ్‌లో పది రోజులు నేర్చుకుని వచ్చి, తొమ్మిది జాయింట్లూ తన చేత్తోనే వేశాడు. "గాజు తీగ అతకడం ఏటనుకున్నారు? దోమకి ముక్కుపుడక పెట్టడం!" అని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు నిజంగానే నోరు తెరిచారు.

ఏడాది బాగానే నడిచింది. 1998 మాఘమాసంలో ఆ లైను వేగం పెంచమని ఆర్డరొచ్చింది. ముప్పై నాలుగు మెగాబిట్ల నుంచి ఒకేసారి నూట నలభైకి. ఆ పని మీద వైజాగ్ నుంచి ఫణిభూషణ్ అనే కుర్ర ఇంజనీరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో తెల్ల రుమాలు, ట్రైనింగ్‌లో ఫస్టు. కొత్త పెట్టెలు బిగించి స్విచ్చి వేస్తే లైను నిండా తప్పులే. మీటరు పెట్టి చూస్తే వెలుతురంతా ఒకే చోట కారిపోతోంది. వెంకన్నపాలెం దాటాక, ఏడో జాయింటు.

"మరి ఇన్నాళ్ళూ నడిసింది గదా బాబూ?" అన్నాడు బంగార్రాజు.

"నెమ్మదిగా మాట్లాడేవాడు గొణిగినా అర్థమవుతుందండీ. గబగబా మాట్లాడేవాడి మాట గట్టిగా వినపడాలి. జాయింటుకి నష్టం సున్నా పాయింట్ ఒకటి దాటకూడదు. మీది రెండున్నర ఉంది."

బంగార్రాజు మొహం మాడిపోయింది. మర్నాడే గొయ్యి తవ్వించి, కేబుల్ చుట్ట పైకి లాగి, జీపు వెనకాల కూర్చుని ఆ అతుకు కోసేసి మళ్ళీ వేశాడు. అవతల చోడవరం ఎక్స్ఛేంజిలో మీటరు దగ్గర కూర్చున్న దాసు వాకీటాకీలో చదివాడు. రెండు పాయింట్ నాలుగు. ఇంకోసారి వేశాడు. రెండు పాయింట్ ఆరు.

గోతికి పదడుగుల్లో పైడితల్లి వాళ్ళ బెల్లం పాక ఉంది. ఆ రోజుల్లో చెరకు మంచి జోరు మీదుంది. బంగార్రాజు దిగులుగా కూర్చోవడం చూసి ఆవిడ బాదం ఆకులో ఉడుకు బెల్లం పట్టుకొచ్చింది. "అన్నియా, నోరు తీపి సేసుకో. పాకం దింపినప్పుడొచ్చినోల్ని ఉత్తినే పంపితే బెల్లం గట్టిపడదు" అంది. పోయినేడు మాఘంలోనూ ఇలాగే పెట్టింది, ఈ పొద్దున్నా పెట్టింది, కాదనడం పద్ధతి కాదు. తిని, వేళ్ళు శుభ్రంగా నాకి, ప్యాంటుకి తుడుచుకుని మూడోసారి వేశాడు. రెండు పాయింట్ ఎనిమిది.

ఫణిభూషణ్ అక్కడే చెప్పేశాడు. "బంగార్రాజు గారూ, మీ అనుభవం రాగిది. ఎల్లుండి టెస్టుకి పెద్దాఫీసు నుంచి వస్తున్నారు. ఫైబర్ పని కాంట్రాక్టు మనిషికి ఇచ్చేస్తాను. మీరు ఇకనుంచి స్తంభాలెక్కే డ్యూటీకి వెళ్ళండి. ఆర్డరు టైపు చేయిస్తున్నాను."

యాభై ఆరేళ్ళ మనిషి. మెట్లెక్కితేనే మోకాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నాయి. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. స్తంభం ఎక్కేవాణ్ణి జాయింటర్ గారూ అని ఎవరూ పిలవరు.

సాయంత్రం ఇంటికొచ్చి పనిముట్ల సంచి గుమ్మం పక్కన పడేశాడు. కాసేపటికి భార్య చిన్నమ్మి కేకేసింది. "ఏటయ్యా, సంచిలో మిఠాయేటైనా తెచ్చేవేటి? సీమలు బారు కట్టీసేయి!"

బంగార్రాజు సంచి దులిపాడు. చీమలు అన్నం క్యారేజీని పట్టించుకోలేదు. తీగ పట్టుకునే చిన్న పట్టకారు మీద, చెడిపోయిన అతుకులు కోసి వేసిన డబ్బా మీద మూగాయి. ఆయన అలాగే చతికిలపడ్డాడు. వెంట్రుకలాంటి తీగని పట్టుకోవాలంటే వేలికి తడి కావాలి. సూదిలో దారం ఎక్కించే వాళ్ళందరూ చేసే పనే. తీగని స్పిరిట్‌తో తుడిచి, మిషన్లో పెట్టే ముందు ఆయన చూపుడువేలు దానంతటదే నాలిక్కి తగిలి వచ్చేది. మిగతా ఎనిమిది చోట్లా అది ఉత్త తడి, ఆరిపోయింది. ఏడో చోట పాకం. నిప్పు రవ్వ తగలగానే అది మాడి అతుకులో బుడగ కట్టింది.

సంగతి విని చిన్నమ్మి నడుం మీద చెయ్యేసుకుంది. "ఎంగిలేలితో ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దని పెళ్ళయిన కాణ్ణించి సెప్తన్నాను. నా మాట ఇన్లేదు. ఇప్పుడు మిషను సెప్తే ఇంటావు!"

పొద్దున్నే ఇంజనీరుకి ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే బయల్దేరాడు. దేవుడి మీద ఒట్టు, అదే ఉద్దేశం. కానీ ఫణిభూషణ్ అప్పటికే జీపులో మిషను ముందు కూర్చుని ఉన్నాడు. "మీరలా కూర్చోండి. నేను వేస్తాను. చూసి నేర్చుకోండి" అన్నాడు.

చూసి నేర్చుకోవాలట. బంగార్రాజు నోటి దాకా వచ్చిన నిజం వెనక్కి తిరిగి కడుపులోకి పోయి పడుకుంది. సరిగ్గా అప్పుడే పైడితల్లి ఆకు పట్టుకొచ్చింది.

"బాబు గారికెట్టమ్మా. పెద్దోరు. రెండు ముద్దలెట్టు" అన్నాడు బంగార్రాజు.

ఫణిభూషణ్ రెండూ తిన్నాడు. పట్నం మనిషి, వేళ్ళు నాకలేదు. తెల్ల రుమాలుకి తుడుచుకుంటే రుమాలు వేళ్ళకి అంటుకుని రానంది. విదిలించుకుని పనిలో దిగాడు. మూడు పాయింట్ ఒకటి. మళ్ళీ వేశాడు. రెండు పాయింట్ తొమ్మిది. మూడోసారి దాసు కాసేపు నసిగి, "సార్, మీటరేటో తేడాగా ఉన్నట్టుంది" అన్నాడు.

"నీరసంగా ఉన్నట్టున్నారు. ఇంకో ముద్ద తినండి బాబూ," అన్నాడు బంగార్రాజు, ఎంతో జాలిగా.

ఆ తర్వాత లేచి బోరింగు దగ్గరికెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, పట్టకారూ కడిగి, మూడుసార్లు పుక్కిలించి, ఎందుకైనా మంచిదని తూర్పుకి తిరిగి ఓ దణ్ణం పెట్టి వచ్చాడు. వేలికి నాలిక తగలకుండా పెదాలు బిగించి తీగ అతికాడు. వాకీటాకీలో దాసు అరిచిన అరుపుకి చెరకు తోటలో కొంగలు లేచాయి. "సున్నా పాయింట్ సున్నా నాలుగు!"

ఇంజనీరు మొహం చూసి మీసం దువ్వుకోవాలన్నది అసలు ప్లాను. తీరా చూస్తే ఆ మొహం చూడబుద్ధి కాలేదు. కుర్రాడు రుమాలు నలుపుతూ నేలచూపులు చూస్తున్నాడు. "క్షమించండి బంగార్రాజు గారూ. మీ చేతిలో ఉన్నది నాకు లేదు. పుస్తకంలో ఫస్టు రావడం వేరు. రేపు టెస్టు కాగానే ఫీల్డు వదిలేసి ఆఫీసులో ఫైళ్ళ పని అడుగుతాను."

బంగార్రాజుకి సిగ్గేసింది. నోరు మూసుకుంటే స్తంభాలు తప్పుతాయి, పేరు నిలుస్తుంది. కానీ ఈ కుర్రాడు పుట్టెడు అబద్ధం మోసుకుని ఇంటికెళ్తాడు.

"మీ సేతిలో లోపం లేదు బాబూ. బెల్లం ఉంది" అని మొదలుపెట్టి, నాలుక, పాకం, చీమలు, చిన్నమ్మి తిట్లతో సహా అంతా చెప్పేశాడు. "ఆ రెండున్నరా నా ఎంగిలే. తప్పు నాదే."

ఫణిభూషణ్ చేతిలోని రుమాలు వంక చూసుకున్నాడు. "తెలిసి కూడా నా చేత తినిపించారా?"

"స్తంభం ఎక్కమన్నారు గదా బాబూ. నాకు కాదు, మోకాళ్ళకి కోపమొచ్చింది."

ఫణిభూషణ్ నవ్వలేదు. బోరింగుకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, కేబుల్లో మిగిలిన రెండో తీగ తనే అతికాడు. సున్నా పాయింట్ సున్నా ఐదు. అప్పుడు జేబులోంచి టైపు చేసిన స్తంభాల ఆర్డరు తీశాడు. బంగార్రాజు చెయ్యి చాపాడు, తీసుకోడానికి సిద్ధపడే.

ఇంజనీరు కాగితం ఇవ్వలేదు. వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీశాడు. "మొదటి నుంచి చెప్పండి, జాయింటర్ గారూ. చేతులు కడగడం దగ్గర్నుంచి. ఇక మీదట ఈ పనిలోకి వచ్చే ప్రతివాడికీ ఇదే పాఠం."

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చెప్పింది ఒక ఆఫీసరు రాసుకోవడం అదే మొదటిసారి. ఊరంతటికీ చెప్పి చెప్పి అలవాటైన మనిషి, ఆ పూట బోరింగు వైపు చూపించి, "ముందు సబ్బు. రాసుకోండి బాబూ" అని మొదలుపెట్టాడు.