ఇస్రాయేలు తీసిన ఆరుద్ర పురుగు

ఉప్పునుంతల ఇస్రాయేలు పదిహేడేళ్లు పుణెలో మట్టి పని చేశాడు. నడుము పట్టేశాక ఊరికి తిరిగొచ్చి, డ్రైవింగ్ నేర్చుకుని, కొత్తకోటలో శైలజ దగ్గర జీపు నడపడానికి కుదిరాడు. శైలజది చిన్న కంపెనీ. మెకానిక్ షెడ్డు మీద రెండు గదులు, రెండు కెమెరాలు, సౌండు చూసుకునే జయపాల్. పురుగుల మీద, పిట్టల మీద డాక్యుమెంటరీలు తీసేవాళ్లు.

"పురుగుల సినిమా ఎవలు జూస్తరయ్యా?" అని భార్య తిరుపతమ్మ నవ్వేది.

ఆరుద్ర పురుగు సినిమా మాత్రం రెండేళ్లుగా ముందుకు కదల్లేదు. ఎర్ర మఖమల్ ముక్కలా ఉండే ఆ పురుగు తొలకరికి బయటికొచ్చి, నాలుగు రోజులు తిరిగి, మళ్లీ మట్టిలోకి పోతుంది. వీళ్లు చేరేసరికి ఒక్కటీ ఉండేది కాదు.

మూడో ఏడు ఇస్రాయేలే చెప్పాడు. "దున్నిన చేన్ల దొరకయి మేడం. మా చిన్నప్పుడు బీడు భూముల్లనే ఏరుకునేటోళ్లం. వాన పడ్డ తెల్లారి, ఎండెక్కకముందే పోవాలె."

జూన్‌లో మంచి వాన పడింది. ఆ రోజే శైలజ జ్వరంతో దవాఖానలో చేరింది. అక్కడినుంచే ఫోన్ చేసింది.

"అన్నా, కెమెరా నువ్వే పట్టు."

"నేను డ్రైవర్ని మేడం. నాకేం తెల్వదు."

"రెండేండ్ల సంది నా పక్కనే ఉన్నవ్ గద. పురుగు ఎత్తుకు కెమెరా దించు. గంతే."

మర్నాడు పొద్దున్నే ఇస్రాయేలు తమ ఊరి బీట్లో, కనబడ్డ ఆరుద్ర పురుగు ఎదురుగా తడి మట్టి మీద బోర్లా పడుకున్నాడు. నడుము సలుపుతోంది. మొదటి అరగంట తీసిందంతా మసక. "జర మెల్లగ ఊపిరి పీల్చు అన్నా, మైకుల ఇనవడుతుంది," అన్నాడు జయపాల్.

అంతలో రెక్కలూడిన ఉసిలొకటి పాక్కుంటూ వచ్చింది. ఎర్ర పురుగు ముందుకాళ్లతో దాన్ని ఒడిసి పట్టింది. ఇస్రాయేలు కదల్లేదు. చీమ మెడ మీద కుట్టినా కదల్లేదు. తినడం అయ్యాకే కెమెరా ఆపాడు. జయపాల్ చెయ్యిస్తే గానీ లేవలేకపోయాడు.

ఇస్రాయేలు తీసినదాన్ని శైలజ మూడుసార్లు చూసింది. "నేను తీసినా గింత మంచిగ రాకపోతుండె," అంది.

సినిమా మొదట ఉప్పునుంతల బడిలోనే వేశారు. 'కెమెరా: ఇస్రాయేలు' అని పడగానే తిరుపతమ్మ పక్కనున్న పొరుగింటి హన్మమ్మ మోచెయ్యి పట్టుకుని, "మా ఆయననే!" అంది, అందరికీ వినపడేలా.

ఇప్పుడు గద్వాల పత్తి చేలలో సాలీళ్లను తీస్తున్నారు. సగం కెమెరా పని ఇస్రాయేలుదే. జీపు తాళం మాత్రం ఇంకొకరి చేతికివ్వడు.