శుభలేఖల గదిలో ఆటల మౌసు

మా మరిది హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఆ మౌసును చూసి మొదట నవ్వాను. దానికి వైరు లేదు. పొట్ట విప్పితే లోపల చిన్న చిన్న బిళ్ళలు. కావలసినన్ని ఉంచుకుని బరువు సరిచేసుకోవచ్చట. రెండు పక్కలా బటన్లు, దేనికి ఏ పని అప్పగిస్తే అది ఆ పని చేస్తుందట. కంప్యూటర్లో తుపాకులు పేల్చుకునే ఆట కోసం ఇంత ఖరీదైన వస్తువు కొన్నాడంటే వీడికి పెళ్ళీడు దాటిపోతోందని అర్థం.

"నవ్వుకో వదినా. ఓ పది రోజులు నువ్వు వాడి చూడు. ఆటల్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దస్తమానం పని చేసేవాళ్ళకి ఎలా ఉంటుందో నువ్వు చెప్పాలి" అన్నాడు.

వాడు ఊరికే అనలేదు. అప్పట్లో నాకు రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ గది ఉండేది. తొమ్మిదేళ్ళుగా శుభలేఖలే నా పని. తోరణాలు, అరటిచెట్లు, సన్నాయిలు గీసి గీసి నా కుడి మణికట్టు పాడైంది. కాఫీ గ్లాసు ఎత్తినా ప్రాణం పోయేది. డాక్టరు పట్టీ వేసి, నెల రోజులు ఆ చేత్తో మౌసు ముట్టుకోవద్దన్నారు. వినకపోతే ఆపరేషనే, ఆ తర్వాత కూడా పాత చెయ్యి తిరిగొస్తుందని చెప్పలేనన్నారు. మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీదున్నాయి. నాకు వేరే విద్య రాదు. ఇంట్లో ధైర్యంగా తిరిగాను గానీ లోపల చాలా భయపడ్డాను.

నా పాత మౌసు కుడి అరచేతికి ఒదిగేలా వంపు తిరిగి ఉండేది. ఇది ఏ చేతికైనా సరిపోతుంది. అందుకే ఎడమ చేత్తో మొదలుపెట్టాను. వాడి ఆటకు పెట్టుకున్న వేగం మీదే ఉందేమో, కాస్త కదిపితే చాలు, బాణం గుర్తు వినాయకుణ్ణి దాటి తెర అంచుకు పోయేది. ఫోన్ చేసి తిట్టాక వచ్చి వేగం తగ్గించి వెళ్ళాడు. బిళ్ళలన్నీ తీసేస్తే చెయ్యి వణికింది. అన్నీ వేస్తే మధ్యాహ్నానికి భుజం పీకింది. కూరలో ఉప్పు చూసుకున్నట్టు ఒక్కొక్కటే వేసి చూసి మూడు దగ్గర ఆగాను. వాడు తుపాకీ పేల్చే బటను నా దగ్గర "చి.ల.సౌ." వేసేది. బాంబు విసిరే బటనుతో నేను తోరణం కట్టేదాన్ని. బ్యాటరీ మాత్రం మహా మోసకారి, చెప్పాపెట్టకుండా పడుకునేది. అన్నానికి లేచినప్పుడల్లా ఛార్జింగు పెడితే గానీ మాట వినలేదు. నాలుగో రోజుకి నా ఎడమ చెయ్యి కుడి చేతి పనిలో సగం చేయగలిగింది. బతికిపోతానేమో అనిపించింది.

అయిదో రోజు కడియం నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళి కార్డుకి వచ్చాడు.

"ఏంటమ్మా, ఎడం చేత్తో వేస్తున్నావు?"

"కుడి చెయ్యి బాగోలేదండి."

"శుభలేఖ ఎడం చేత్తో మొదలెట్టడం ఏంటమ్మా" అంటూ మ్యాటర్ రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఊళ్ళో పాకితే మాఘమంతా ఈగలు తోలుకోవాల్సిందే.

అప్పుడు తట్టింది నాకు, ఈ మౌసుకి వైరు లేదని. బల్ల సొరుగు మోకాళ్ళ దగ్గరికి లాగి మౌసును అందులో పెట్టాను. బల్ల మీద పాత మౌసు, దాని మీద ఊరికే ఆనించిన కుడి చెయ్యి, పట్టీ కనపడకుండా పైన కొంగు. కింద ఎడమ చెయ్యి పని చేసుకుపోయేది. వచ్చినవాళ్ళు తెర చూసి మురిసిపోయేవారు. తొమ్మిదో రోజు మరిది ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, "దొంగపనికి దీన్ని మించింది లేదురా" అన్నాను. వాడు పగలబడి నవ్వి, మాఘం అయ్యేదాకా ఉంచుకోమన్నాడు. నాకు నవ్వు రాలేదు. వంగి వంగి ఎడమ భుజం పట్టేసింది. అదీ పోతే ఇక మిగిలేదేమీ లేదు.

ఆ మర్నాడే ఒక మామ్మగారు మనవరాలి పెళ్ళి కార్డుకి వచ్చారు. పెళ్ళి అన్నవరం కొండ మీద. సత్యనారాయణ స్వామి బొమ్మ పైన ఉండాలా, పక్కన ఉండాలా అని మాట్లాడుతుండగా ఆవిడ కళ్ళజోడు కిందపడింది. తీసుకోవడానికి వంగి, వంగినట్టే ఉండిపోయారు.

"ఆ చెయ్యి కింద ఏం చేస్తోందమ్మా?"

దాచడం ఇక నావల్ల కాలేదు. డాక్టరు మాట, కడియం పెద్దాయన మాట, నా భయం అన్నీ చెప్పేశాను. "వేరేచోట వేయించుకుంటానంటే మీ కాగితం ఇచ్చేస్తానండి" అన్నాను. చెబుతుంటేనే ఏడుపొచ్చింది.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "మా ఇళ్ళల్లో ఏ పెళ్ళైనా బూరెలు నా చేతి మీదే అవ్వాలి. ఎడం చెయ్యి సాయం లేకుండా పూర్ణం ఉండలు చుట్టగలనా? వండేప్పుడు రెండు చేతులూ కావాలమ్మా. వడ్డించేప్పుడు కదా కుడి చెయ్యి చూస్తారు. నువ్విప్పుడు వండుతున్నావు. ఆ చెయ్యి పైకి తియ్యి. పెళ్ళి పని బల్ల కింద చేస్తారా ఎవరైనా?"

గదిలో ఇంకో రెండు కుటుంబాల వాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ విన్నారు. నేను మౌసు తీసి బల్ల మీద పెట్టి, వాళ్ళ ముందే ఎడమ చేత్తో కార్డు పూర్తి చేశాను. ఒక్కరూ లేచి వెళ్ళలేదు.

ప్రింటర్లోంచి మొదటి కాగితం రాగానే మామ్మగారు బజారు సంచీలోంచి పసుపు పొట్లం తీసి, చిటికెడు పసుపు నీళ్ళతో తడిపి నా ముందు పెట్టారు.

"ఇంక వడ్డించు" అన్నారు.

పట్టీ వదులు చేసుకుని, కుడిచేతి ఉంగరం వేలితో నాలుగు మూలలా పసుపు పెట్టాను. నొప్పి రాలేదు. వెనక కూర్చున్న ఒకావిడ, తమ కార్డుకి కూడా అలాగే నన్నే పెట్టమంది. ఆ మాఘమంతా నా కుడి చేతికి అదొక్కటే పని.