గోడ మీద తెల్ల మచ్చ

తొంభైలలో నేను చేసే పని మా వాళ్ళలో ఎవరికి చెప్పినా తలకెక్కేది కాదు. గారె ఆకారంలో ఉండే పెద్ద ఇనుప గదిలో వాయువును సూర్యుడిలా వేడెక్కిస్తాం. అందులో కొన్ని ఎలక్ట్రాన్లు కట్టు తెంచుకుని, ఆపేవాడు లేక, వేగం పెంచుకుంటూ పోయి గోడకు గుద్దుకుంటాయి. ఆ దెబ్బ కంటికి కనబడదు. వేడిని పట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో మాత్రం గోడ మీద తెల్ల మచ్చ తేలుతుంది. ఆ మచ్చలు చూడడమే నా ఉద్యోగం.

"దయ్యాలను సూసుడు గూడ ఒక నౌకరేనా?" అని చొప్పదండిలో మా చిన్నమ్మ ఎకసెక్కాలాడేది.

చిన్నబాపు, అంటే ఆమె భర్త, ఆదిలాబాద్ దిక్కు ఒక బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడు ఆ బాయిలో నిప్పు పుట్టి, ఆయన లోపలే చిక్కుకున్నాడు. గాలి అందితే మంట పెరుగుతుందని బాయి మూతికి ఇటుక గోడ కట్టారు. అప్పటికే లోపలి నుంచి ఆయన పలుకు ఆగిపోయిందన్నారు. శవం చూడనిదే దినాలు చెయ్యనని చిన్నమ్మ మొండికేసింది. పెండ్లిళ్ళలో ఆమెకు బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకునేవారు. చూస్తే నాకు కోపం ముంచుకొచ్చేది.

లోపల నిప్పు ఆరితే గోడ తెరిచి ఎముకలైనా తెచ్చుకోవచ్చు. ఆరిందో లేదో చూద్దామని ల్యాబ్‌లో బతిమాలి ఆ కెమెరా తెచ్చాను. బాయి ఆఫీసరు సరేనన్నాడు. ఎండకు ఇటుకలు వేడెక్కకముందే పొద్దున్నే అక్కడికి చేరాం. ఎముకలు చుట్టడానికి చిన్నమ్మ సంచిలో కొత్త ధోవతి తెచ్చుకుంది.

తెర మీద గోడంతా నల్లగా ఉంది. కుడిపక్క ఒకచోట తెల్ల మచ్చ.

"గా తెల్లగున్నదేంది బిడ్డా?"

"వేడి, చిన్నమ్మా. లోపల నిప్పు ఇంకా ఉన్నది."

"గిన్నేండ్లయినా సల్లవడలే?"

"పడలే."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. "సచ్చినోల్లయితే సల్లవడ్తరు గద బిడ్డా!"

అది బొగ్గు వేడి, మనిషి వేడి కాదని చెప్పబోయాను. ఇన్నేళ్ళూ అలాంటి మచ్చలు చూస్తూ ఎన్నడూ భయపడలేదు. ఆ పొద్దు భయం వేసింది. దాని వెనక ఎవరో కూర్చుని మా మాటలు వింటున్నారనిపించింది.

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "తెరుసుడు కుదరదమ్మా. గాలి దూరితే మంట లేస్తది."

"వద్దు సారూ, తెరువకుండ్రి. గట్లనే ఉండనియ్యిండ్రి," అంది చిన్నమ్మ కంగారుగా.

తిరుగు బస్సులో ఆమె కొత్త ధోవతిని మడత నలగకుండా సంచి అడుగున సర్దింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు గూడ తీస్కరా బిడ్డా గా కెమెరా. ఎట్లున్నడో సూత్తం."

సరేనన్నాను.