లెక్కలోకి రాని సీటు

మా బస్సు కండక్టరుని డిపో అంతా లెక్కల మాస్టారనే పిలుస్తుంది. చదివింది పదో తరగతి, అదీ రెండో దఫాలో గట్టెక్కాడు. అయినా ఆ పేరు ఊరికే రాలేదు. ప్రతి స్టాపులోనూ ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ కళ్ళతోనే లెక్కేసి, లోపల ఎంతమంది ఉన్నారో మనసులో పెట్టుకుంటాడు. పద్నాలుగేళ్ళుగా ఆ బస్సు నడుపుతున్నది నేను. అతను ‘రైట్ రైట్’ అన్నాడంటే నేను వెనక్కి తిరిగి చూడను. చూడాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది. దానికి డిపోలో ఒక్కొక్కరు ఒక్కో తోక తగిలించి చెబుతున్నారు కాబట్టి, పక్కనే ఉన్నవాడిగా నేను చెప్పడమే నయం.

మనిషి మంచివాడే. కాకపోతే డ్యూటీకి బయల్దేరేసరికి కూతురు నిద్రలో ఉంటుంది, ఇంటికి చేరేసరికి మళ్ళీ నిద్రలోనే ఉంటుంది. సెలవు రోజున ఇతను నిద్రపోతాడు. అలా ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. రోజూ మా బస్సెక్కే పెద్దాయన ఆసుపత్రి దగ్గర దిగుతాడనీ, మంగళవారం మాత్రం మార్కెట్ దగ్గర దిగుతాడనీ ఇతనికి తెలుసు. సొంత కూతురు ఏ సెక్షనో తెలియదు. ఒకసారి భార్యకి జ్వరమొస్తే, ఏదో కాగితం మీద సంతకం పెట్టడానికి బడికి వెళ్ళాడు. మూడో తరగతి ‘ఎ’నా ‘బి’నా అని అడిగితే నీళ్ళు నమిలాడు. పాపని పిలిపించారు. వచ్చింది గానీ ఇతని దగ్గరికి రాలేదు, టీచరు వెనకాలే నిలబడింది. ఆ రోజు డ్యూటీలో నాతో ఒకే మాట అన్నాడు.

“అన్నా, నా కూతురు నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసిందన్నా.”

ఆ బడి పెద్ద టీచరమ్మ గట్టి మనిషి. ఏ పనికి పిలిచినా తల్లులే వస్తున్నారని విసిగిపోయి ఆ ఏడాది కొత్త రూలు పెట్టింది. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళేటప్పుడు తోడుగా తండ్రులే రావాలి. తండ్రులు చాలామంది ముఖం చాటేశారు. ఒకాయన తన బదులు బావమరిదిని పంపిస్తానన్నాడు. ఆ బావమరిదికి పిల్లలు పుట్టి మా బళ్ళో చేరాక పంపండి అందట ఆవిడ. మావాడు మాత్రం ముగ్గురితో డ్యూటీలు మార్చుకుని, పిల్లల్ని జూకి తీసుకెళ్ళే రోజుకి సెలవు సంపాదించాడు. బస్సు మేం రోజూ తిప్పేదే, నడిపేది నేనే. ఆ ఒక్కరోజు సరిగ్గా పక్కన నిలబడితే పాప తనని తనవాడనుకుంటుందని అతని ఆశ. ఎనిమిదేళ్ళ లోటు ఒక్కరోజులో ఎలా తీరుతుందిరా అని అడగబోయి ఊరుకున్నాను.

తండ్రిగా రమ్మంటే కండక్టరుగా వచ్చాడు, అక్కడే వచ్చింది తంటా. పిల్లలు ఎక్కుతుంటే వెళ్ళి తలుపు దగ్గర నిలబడిపోయాడు. పిల్లల వెంట వచ్చిన చిన్న టీచరు పేర్ల జాబితా తీస్తే, లెక్క నాకొదిలేయండమ్మా అన్నాడు. ఆ అమ్మాయి హమ్మయ్య అనుకుని జాబితాని సంచిలో పెట్టేసింది. పాపని మాత్రం తనే చెయ్యి పట్టుకుని ఎక్కించి, తలుపు పక్కనున్న కండక్టరు సీట్లో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. అక్కణ్ణించి చూస్తే ముందు రోడ్డంతా కనబడుతుంది. అతని దగ్గరున్న వాటిలో అంతకంటే మంచిది లేదు మరి. పాప కూర్చుంది. వద్దనలేదు, నవ్వనూ లేదు.

జూలో రోజంతా బాగానే నడిచింది. అందరి పిల్లలకీ నీళ్ళ సీసాలు మోశాడు, ఊడిన బూట్ల లేసులు కట్టాడు. పాప కాస్త ఎడంగానే నడిచింది. ఏనుగు దగ్గర మాత్రం, జనం ఎక్కువగా ఉండి, అతని చూపుడు వేలు పట్టుకుంది. రెండో చేతినిండా నీళ్ళ సీసాలు, ఈ చెయ్యి కదిపితే ఎక్కడ వదిలేస్తుందోనని పావుగంటసేపు ముక్కు దురద పెట్టినా గోక్కోలేదట. ఈ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు.

తిరిగి బయల్దేరే వేళకి వాన అందుకుంది. పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. తడిసిన గొడుగులూ సంచులూ తలుపు పక్కనే దొరికిన కండక్టరు సీటు మీద కుప్పపోశారు. పాప వెనకెక్కడో స్నేహితులతో కూర్చుందనుకున్నాడు. తలలు లెక్కపెట్టాడు. పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే. ‘రైట్ రైట్’ అన్నాడు, నేను బండి తీశాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. డ్రైవరు సీటూ కండక్టరు సీటూ లెక్కలోకి రావు. ఆ రెండూ వదిలేసి మిగతావాళ్ళనే లెక్కపెట్టాలి. పొద్దున పాప కూర్చున్న సీటు వదిలేసి అలాగే లెక్కపెట్టాడు, ముప్ఫై ఎనిమిది. సాయంత్రమూ ముప్ఫై ఎనిమిదే. లెక్క అణువంత కూడా తప్పలేదు. అందులో కూతురు మాత్రం రెండుసార్లూ లేదు.

అరగంటకి వాన తగ్గింది. పాపకి సీటు ఖాళీ చేద్దామని సంచులు తీసి పక్కన పెట్టి పిలిచాడు. రాలేదు. చివరి వరసదాకా వెళ్ళాడు, ఒంగి సీట్ల కింద కూడా చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. “అన్నా, నా కూతురు లేదన్నా.”

బస్సు తిప్పాను. చిన్న టీచరు ఏడుస్తూ జూకి ఫోన్ చేస్తూనే ఉంది, అటు ఎవరూ ఎత్తలేదు. అతను నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను నేనే తిట్టుకున్నాను. పిల్లల బండి కదా, ఒక్కసారి అద్దంలో చూసుకుంటే నా సొమ్మేం పోయేది?

పాప గేటు దగ్గరి టికెట్ల గదిలో, అక్కడ పనిచేసే ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి బస్సు లేదట. కళ్ళు పొడిగానే ఉన్నాయి. అతను తడి నేల మీదే మోకాళ్ళ మీద కూలబడి, భయమేసిందా అమ్మా అని అడిగాడు.

“లేదు. నువ్వు డ్యూటీకెళ్ళిపోయావనుకున్నా. అమ్మొస్తుందని కూర్చున్నా.”

ఆ పిల్ల ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది నాకు. టికెట్ల ఆవిడ ముఖం తిప్పుకుని కిటికీ మూయసాగింది.

మర్నాడు నన్ను తోడు తీసుకుని పెద్ద టీచరమ్మ దగ్గరికి తనే వెళ్ళాడు. పాప అన్న మాటతో సహా జరిగిందంతా చెప్పి, ఇంకెప్పుడూ పిల్లల వెంట రానని కాగితం రాసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ముందు మా ఇద్దర్నీ చెడామడా తిట్టింది, చిన్న టీచరునీ వదల్లేదు. ఇకనుంచి పేరు పేరునా పిలిచాకే బండి కదలాలంది. అంతా అయ్యాక ఆ కాగితాన్ని అతని వైపే తోసేసింది.

“మీరు మానేస్తే పాప అనుకున్నదే నిజమవుతుంది. రావాలో వద్దో నన్ను కాదు, పాపనడగండి.”

అడగడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. నన్ను వదిలేసి పొద్దుటి డ్యూటీ ఒక్కటే ఉన్న రూటుకి మారాడు, రోజూ సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడ్డాడు. మొదటి రోజు పాప అతన్ని చూసి, అమ్మకి ఒంట్లో బాగాలేదా అని అడిగిందట. రెండో రోజు ఏమీ అడగలేదు. మూడో రోజు, ఆ సీటు సంగతీ లెక్క సంగతీ ఏదీ దాచకుండా చెప్పేశాడు. నాలుగో రోజు నడుస్తూ నడుస్తూ, వచ్చే నెల మళ్ళీ తీసుకెళ్తారట, నన్ను రమ్మంటావా వద్దంటావా అని అడిగాడు. ఇల్లు వచ్చేదాకా ఆలోచించి అప్పుడు చెప్పిందట.

“రా నాన్నా. కానీ నీ సీటు నాకొద్దు. అందరితో కూర్చుంటా, నన్నూ లెక్కపెట్టు.”

ఈ మాట చెప్పడానికే డిపోకి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చెబుతూ అందరిముందూ ఏడ్చాడు, నేను ఆపలేదు.