గడపకు ఆనించిన చేట

అక్క మీద నాకున్న కుళ్లు ఈ వయసులో కూడా పూర్తిగా పోలేదు. చీరల గురించి కాదు, నగల గురించి అంతకన్నా కాదు. ఆమెకు గల్లీ దక్కింది, నాకు బాట దక్కింది. అదీ నా కడుపుమంట.

ఎల్లారెడ్డిలో మా తల్లిగారి గల్లీకి వచ్చే దారీ పోయే దారీ ఒక్కటే. లోపలి కొసన గోడ. తలుపులన్నీ ఎదురెదురుగా ఉంటాయి. కొత్త మనిషి అడుగు పెడితే చాలు, "ఎవలింటికి?" అని ఏదో ఒక అరుగు మీది నుంచి అడిగేవాళ్లు. ఆడవాళ్లు పొలానికో బావికో పోతూ తాళం వేసేవాళ్లు కాదు. చేట బోర్లించి గడపకు ఆనించేవాళ్లు. ఇంట్లో ఎవరూ లేరు, కాస్త కనిపెట్టుకోండి అని దాని అర్థం. అక్కను మేనమామకిచ్చారు. ఆయనది ఎదురిల్లే. ఆమె కాపురానికి పోవడమంటే ఈ అరుగు దిగి ఆ అరుగు ఎక్కడమే.

నన్ను మాత్రం కామారెడ్డికిచ్చారు. స్టేషనుకు పోయే తిన్నని బాట మీద ఇల్లు. వడ్ల బండ్లు, బేరగాళ్లు, రైలు దిగినవాళ్లు పొద్దస్తమానం పోతూనే ఉండేవాళ్లు. ఒకసారి చూసిన మొహం మళ్లీ కనబడేది కాదు. ఎదురుగా ఇల్లు లేదు, ధాన్యం కొట్టు వెనక గోడ ఉంది. మా ఆయన బండి కట్టుకొని పోగానే గొళ్లెం పెట్టుకొని, బిడ్డను ఒళ్లో వేసుకొని బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని. అక్క తన బిడ్డను అరుగు మీద వదిలేసి హాయిగా వడ్లు దంచుకుంటూ ఉంటుందని తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

జర్మనీ యుద్ధం వచ్చిన కొత్తలో, ఒకరోజు బిడ్డను చంకనేసుకొని బావికి పోతూ అలవాటు కొద్దీ చేట బోర్లించి గడపకు ఆనించాను. తిరిగొచ్చేసరికి అమ్మ పెట్టిన ఇత్తడి గంగాళం లేదు.

"ఇల్లు ఖాళీగున్నదని నువ్వే దండోరా ఏస్తివి గదనే!" అన్నాడు మా ఆయన.

గంగాళం పోయినందుకు కాదు, అదే చేట అక్క ఇంటిని కాపాడుతున్నందుకు ఏడ్చాను.

కోతలప్పుడు ఎల్లారెడ్డి పోయాను. అమ్మ గడపకూ అక్క గడపకూ చేటలు ఆనించి ఉన్నాయి, ఇద్దరూ పొలంలో ఉన్నట్టున్నారు. అక్క తలుపు సగం తీసే ఉంది. లోపల నా గంగాళానికి జోడుది తళతళలాడుతోంది. ఒళ్లు మండిపోయింది. చేట పక్కకు జరపబోయాను.

"ఎవలామె? ఆ ఇంట్ల ఎవ్వలు లేరు. చెయ్యి తియ్యి!"

పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు. నన్నెప్పుడూ చూడలేదు.

"నేను ఈ గల్లీ పిల్లనే" అన్నాను.

"నాకేమెరుక? మా అక్క వచ్చేదాంక గా మూలమీద నిలవడు."

మా అక్కట! బిడ్డనెత్తుకొని గల్లీ మొదట్లో ఎండలో నిలబడ్డాను. అక్క వచ్చేదాకా ఆ పిల్ల నా మీది నుంచి చూపు తిప్పలేదు. దాని మీద కోపం రావాలి, రాలేదు. అలాంటిది ఒక్కతి నా ఇంటి ఎదుట ఉంటే నా గంగాళం ఎక్కడికి పోయేది? అక్క మీది కుళ్లు మాత్రం ఆ రోజు ఇంకాస్త పెరిగింది.